మెత్తబడిన మాట

తల నిండా షాంపూ నురుగు, ఒంటికి చుట్టుకున్న తువ్వాలు, కళ్లలో మంట. భూలక్ష్మి స్నానాలగది గోడకున్న నీళ్ల హీటరును తిడుతూ వణుకుతోంది. జపానులోని తొయామా పట్టణానికి కాపురం వచ్చి ఏడాది దాటింది. ఆ హీటరు తీరు మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే. చెంబెడు వేడినీళ్లతో ఊరించి, సరిగ్గా తల తడిసే వేళకు మంచు కరిగించినట్టున్న నీళ్లు వదులుతుంది. బయట మోకాలి లోతు మంచు పడి ఉంది.

"నీ పాడుగాను! మల్ల సల్లనీళ్లే!"

ఎలాగో తల కడుక్కుని, చీరమీద రెండు స్వెటర్లు వేసుకుని, గొంతుకు పట్టీ కట్టుకుని, చెవిలో గుండీ పెట్టుకుని కిందికి దిగింది. భవనం బాగోగులు చూసే ఒగావా అనే పెద్దాయన మెట్ల దగ్గర మంచు ఎత్తిపోస్తున్నాడు.

"ఇగో పెద్దమనిషీ, నీకెన్నిసార్లు చెప్పాలె? గా హీటర్ పాడైంది. నా బిడ్డకు సర్ది తగ్గుతలేదు. ఇయ్యాల బాగు చేపియ్యకుంటే నేను ఊకోను, చెప్తున్న!"

ఒగావా పార పక్కన పెట్టి, శ్రద్ధగా విని, నడుము వంచి దండం పెట్టాడు. ఆయన పెదవులు కదిలాక భూలక్ష్మి చెవిలో తియ్యటి తెలుగు వినిపించింది. "మా భవనం మీద మీకున్న అభిమానానికి కృతజ్ఞులం. మీ వంటి కుటుంబం ఇక్కడ నివసించడం మా అదృష్టం."

సాయంత్రం గుమ్మం ముందు ఎర్ర చిక్కుడు గింజల మిఠాయిల పెట్టె ఉంది. అలాంటి పెట్టెలు వంటింట్లో అప్పటికే మూడున్నాయి.

"హీటర్ బాగు చెయ్యమంటే మిఠాయిలిస్తడేంది ఈయన? నేను చెప్పేదేంది, ఈయన చేసేదేంది?" అని మొగుడి ముందు పెట్టెను దబ్బున పెట్టింది.

సదానందం అన్నం కలుపుతూ చిన్నగా నవ్వాడు. "మర్యాదస్తుడు పాపం" అన్నాడు. ఈమధ్య ఆమె ఏమన్నా అలాగే నవ్వుతున్నాడు. సిద్దిపేటలో ఉన్నప్పుడు మాటకు మాట అనేవాడు. చెంచా కింద పడితే చాలు, ఇద్దరూ గంటసేపు వాదించుకునేవాళ్లు. ఈ దేశపు గాలికి మనిషి బాగా నిమ్మళించాడని ఆమె మొదట్లో సంతోషించింది. ఇప్పుడు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుతోంది.

గొంతుకు కట్టే ఆ పట్టీకి తెలుగులో 'మృదువాణి' అని పేరు పెట్టింది సదానందమే. సిద్దిపేటలో పాఠాలు చెప్పుకునే మనిషిని ఆ సంస్థవాళ్లు తమ ప్రయోగశాలలో తెలుగు విభాగం చూడమని పిలిపించారు. కొత్తగా దేశంలో దిగినవాళ్లకు విమానాశ్రయంలోనే పట్టీ కట్టేస్తారు. ఇంట్లో విప్పేయొచ్చు, గుమ్మం దాటితే కట్టుకోవాలి. మాట గొంతులో పుట్టగానే పట్టీ దాన్ని పట్టుకుంటుంది. దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని వదిలి, ఆ మాట పెదవి దాటి ఎదుటివాడి చెవిన పడకుండా అణిచేస్తుంది. దాని బదులు అదే మనిషి గొంతుతో జపాను మాట పలుకుతుంది. ఎదుటివాళ్ల మాటలు చెవిలో గుండీ తెలుగులో చెబుతుంది. భూలక్ష్మికి తెలిసింది ఇంతవరకే. భాష నేర్చుకునే తిప్పలు తప్పాయని ఆమే అందరికంటే ముందు మురిసిపోయింది.

శరదృతువులో ఒకసారి ప్రయోగశాలవాళ్లు ఉద్యోగుల కుటుంబాలను పిలిచారు. పెద్దసారు మినెగిషి, పొడుగాటి సన్నటి మనిషి, ఆమెను ఒక గాజు పెట్టె ముందు కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడమన్నాడు. ఆమెకేమీ తోచక, అంగట్లో కూరగాయలు బేరమాడినట్టు అంది. "ఓ అక్కా, వంకాయలెట్లిస్తున్నవ్? గిన్ని పుచ్చులున్నయ్, గింత పిరమా?"

పెట్టె మీది ముల్లు చర్రున ఎర్రగీత దాటింది. మినెగిషి కంగారుపడి సదానందాన్ని ఏదో అడిగాడు. సదానందం తల దించుకుని ఏదో జవాబిచ్చి, పక్కనున్న మరను కొంచెం తిప్పాడు. ముల్లు మెల్లగా పచ్చగీత మీదికి వచ్చి నిలబడింది.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు. ఇది మాటల వేడి కొలుస్తది. పేపర్ల భాష, పుస్తకాల భాష నేర్పి పెట్టినం గదా దీనికి. మన దిక్కు మాట కొంచెం గట్టిగ అనిపించింది."

"వంకాయలు కొంటే వేడేంది?"

సదానందం ఆమెను ఫలహారాల బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె కూడా మరిచిపోయింది. మరిచిపోక ఏం చేస్తుంది? ఆమె దినమంతా చిల్లర చికాకులతోనే గడిచేది. చెత్తను ఏ రోజు ఏ రంగు సంచిలో వెయ్యాలో తెలియదు. బడిలో బిడ్డకు పచ్చి చేపముక్క పెట్టొద్దని చెబితే, మరునాడు రెండు ముక్కలు పెట్టారు. ఎవరికి ఏం చెప్పినా వంగి దండాలు పెడతారు, ఏ పనీ జరగదు. కింది వాటాలో ఉండే కుబొతా అనే ముసలామె ఒక్కతే కాస్త నయం. రోజూ పొద్దున మెట్ల మీద నిలబెట్టి పెదవులు బిగించి చాలాసేపు మాట్లాడేది. "మీ ఇంటి చప్పుళ్లు మా ఉదయాలకు ఎంత కళ తెచ్చాయో!" అని చెవిలో వినబడేది. పాపం, ఒంటరి ప్రాణానికి సందడి నచ్చుతోందనుకుని భూలక్ష్మి ఇనుప రోట్లో అల్లం వెల్లుల్లి ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువే దంచేది.

మాఘమాసపు మంచు జోరుగా కురుస్తున్న రోజు, ఎనిమిదేళ్ల కుందన బడికి పోనని మంచం మీద ముడుచుకుంది. కడుపులో నొప్పంది. వామునీళ్లు తాగించినా తగ్గలేదు. కాసేపటికి పిల్ల కుడివైపు పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. ఒళ్లు కాలిపోతోంది. భూలక్ష్మి వెంటనే మొగుడికి ఫోను చేసింది.

"ఏమయ్యా, పొల్లకు కడుపుల బాగ నొస్తుంది! కింద మీద పొర్లుతుంది! నాకు భయమైతుంది, పని గిని ఇడిసిపెట్టి ఉన్నఫళంగ రా!"

"అట్లనా, సరే. పని కాంగనే వస్త" అన్నాడు సదానందం. గొంతులో కంగారు లేదు. ఫోను పెట్టేశాడు.

ఆమె అలవాటు కొద్దీ ఇద్దరి గొంతులకూ పట్టీలు కట్టి, చెవిలో గుండీ పెట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని, టాక్సీలో ఆసుపత్రికి పోయింది.

ఆసుపత్రి హాలు వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. బల్ల వెనుక నర్సు లేచి వంగింది. భూలక్ష్మి బల్ల మీదికి వంగింది. "అక్కా, నా బిడ్డ పానం పోతున్నట్టున్నది! డాక్టర్‌ను జల్ది పిలువు, నీ కాళ్లు మొక్కుత!"

నర్సు నవ్వి, సంఖ్య ఉన్న చీటీ ఇచ్చింది. "మీ ఓపికకు ధన్యవాదాలు. హాయిగా కూర్చోండి" అంది చెవిలో గుండీ.

కూర్చుంది. లేచింది. మళ్లీ వెళ్లి చెప్పింది. మళ్లీ ధన్యవాదాలు. తన పక్కన దగ్గుతున్న ముసలాయనను పిలిచారు, వేలు తెగిన కుర్రవాణ్ని పిలిచారు. కుందన ఒళ్లో వంకర తిరిగి నోరు తెరిచి ఏడుస్తోంది. పిల్ల గొంతుకూ బడివాళ్లు కట్టిన పట్టీ ఉంది. తల్లి కాబట్టి ఆ ఏడుపు ఒంటికి ఒళ్లు తగిలి ఆమెకు తెలుస్తోంది. హాల్లో ఎవ్వరూ తల తిప్పి చూడడం లేదు. ఎదుటి బెంచీ మీద పుస్తకం చదువుకుంటున్న ఆడమనిషి ఒకసారి తలెత్తి, పిల్ల ఏదో ముద్దుమాట అన్నట్టు చిరునవ్వు నవ్వింది.

ఆ నవ్వు చూసి భూలక్ష్మి బిడ్డను గట్టిగా పొదువుకుంది. నా బిడ్డ ఇంతగా గుక్కపట్టి ఏడుస్తుంటే ఈమె ఎందుకు నవ్వింది? ఈమెకు వినబడుతున్నదేమిటి?

ఆమె పిల్ల గొంతుకున్న పట్టీని పట్టుకుని లాగేసింది.

ఒక్కసారిగా కుందన కేక హాలంతా మోగింది. పుస్తకం కింద పడింది. దగ్గుతున్నవాళ్లు దగ్గు ఆపేశారు. బల్ల వెనుక నర్సు కుర్చీ తోసుకుని పరుగెత్తుకొచ్చింది. భూలక్ష్మి తన గొంతు పట్టీ కూడా తెంపి పారేసి, "అమ్మా! నా బిడ్డా!" అని అరిచింది. ఆ అరుపు గోడలకు తగిలి తిరిగొచ్చి ఆమెనే భయపెట్టింది. ఈ దేశంలో నలుగురి మధ్య తన గొంతు తనకు వినబడడం అదే మొదలు.

నర్సు పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ముఖం ఎర్రగా చేసుకుని భూలక్ష్మి మీద ఇంతెత్తున లేచింది. కళ్లలో నిప్పులు, చెయ్యి గాలిలో ఆడుతోంది. చెవిలో గుండీ మాత్రం తేనె పోసింది. "మీరు కాస్త ముందుగా తెలియజేసి ఉంటే మరింత బాగుండేదేమో."

భూలక్ష్మి చెవిలోంచి గుండీ కూడా పీకేసింది.

అపెండిక్స్ పగిలిపోయింది. విషం కడుపంతా పాకింది. పిల్లను పరుగున లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకున్నాక ఆమె నేల మీదే కూలబడింది. ఎవరో వచ్చి నీళ్ల గ్లాసు చేతికిచ్చి, భుజం పట్టుకుని కూర్చున్నారు. పుస్తకం చదువుకుంటున్న ఆమే. ఏడుస్తోంది.

ఆపరేషన్ అయి, పిల్ల ప్రాణానికి ఇక భయం లేదని డాక్టరు చేతులతో, తల ఊపుతో చెప్పి వెళ్లాక, ఎటు పోయారో ఒగావాను అడిగి తెలుసుకుని వచ్చాడు సదానందం. చేతిలో బిడ్డ కోసం కొన్న బొమ్మ ఉంది. హాలులో భార్యను, ఆమె జుట్టును, చెప్పులు లేని కాళ్లను చూసి ఆగిపోయాడు.

"ఏమైంది? కొంచెం కడుపునొప్పి అంటివి గదా?"

"కొంచెమా?" ఆమె మెల్లగా లేచింది. "నేను కొంచెం అన్ననా? పొర్లుతుంది, భయమైతుంది, ఉన్నఫళంగ రా అన్న."

"నాకట్ల వినబడలే. తీరిక దొరికితే ఒకసారి రమ్మని..." సదానందం మాట మధ్యలోనే ఆగిపోయింది. చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది.

ఆమె ఆ చెయ్యి వంక చూసింది. దగ్గరికి వెళ్లి, అతని జుట్టు పక్కకు తోసి చూసింది. చెవి లోపల, బయటికి కనబడనంత చిన్న గుండీ ఉంది.

"మనం తెలుగుల మాట్లాడుకుంటున్నం గదా. గిదెందుకు నీకు?"

సదానందం గోడకు ఆనుకున్నాడు. సంస్థ ఇళ్లలో వాడే రకం తయారుచేస్తోందనీ, ఒకే భాష మాట్లాడే మొగుడూపెళ్లాల మధ్య మాటను చల్లబరుస్తుందనీ, పరీక్షించడానికి తాను పెట్టుకున్నాననీ చెప్పాడు. దసరా నుంచి ఉందట.

"దసరా కాడికెళ్లి నేను మాట్లాడింది నువ్వు వినలేదా?"

"విన్న. మెత్తగ విన్న. దినమంతా పనిచేసి ఇంటికొస్తే... ఇల్లు శాంతిగ ఉంటదని పెట్టుకున్న, భూలచ్చిమీ."

"ఇల్లు శాంతిగ లేదు. నీ చెవి శాంతిగ ఉన్నది!"

అతను గుండీ తీసి జేబులో వేసుకోబోయాడు. ఆమె చెయ్యి చాచింది. ఇచ్చేశాడు. దాన్ని చెత్తబుట్టలో పడేసి, ఏ రంగు బుట్టో కూడా చూడకుండా, బిడ్డ గదికేసి వెళ్లిపోయింది. సదానందం ఆమె వెనుకే వెళ్లి తలుపు దగ్గర నిలబడి, బిడ్డ ముక్కుకున్న గొట్టాన్ని చూసి, తెచ్చిన బొమ్మను తన కడుపుకే ఒత్తుకుని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు.

మరునాడు బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు మెట్ల మీద కుబొతా ఎదురైంది. భూలక్ష్మి గొంతుకు పట్టీ లేదు, చెవిలో గుండీ లేదు. మొదటిసారి ఆ ముసలామె అసలు గొంతు విన్నది. అది తియ్యగా లేదు. బొంగురుపోయి, అలసిపోయి, విసిగి వేసారిన గొంతు. భూలక్ష్మి తన చెవి చూపించి, చేతులు విప్పి, సమజైతలేదని సైగ చేసింది. ముసలామె ఆ ఉత్త చెవిని తేరిపార చూసింది. తర్వాత పిడికిలి బిగించి గాల్లో దంచి చూపించింది, దడ్, దడ్. రెండు చేతులు చెంప కింద పెట్టి నిద్ర అని చూపించి, తల అడ్డంగా ఆడించింది. చివరికి తన వాటా తలుపు తీసి లోపలికి చెయ్యి చాపింది. కిటికీ పక్కన మంచం మీద ఎముకల గూడులాంటి ముసలాయన, ముక్కుకు గాలి గొట్టంతో, కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.

భూలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. ఏడాది పొడుగునా రోజూ పొద్దున ఆ మంచం నెత్తిన రోలు పెట్టి దంచింది తనే! ఈ తల్లి రోజూ మొత్తుకుంటే, పొగుడుతోందని పళ్లికిలించింది తనే! ముసలామె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. కుబొతా ఏదో గొణిగింది. క్షమించిందో, ఇంకో తిట్టు తిట్టిందో తెలియలేదు. ఏదైనా ఆమె నోటి మాటే కదా అనుకుని తల ఊపింది.

కుందన లేచి తిరుగుతున్నాక, పిల్లను కుబొతాకు అప్పగించి, భూలక్ష్మి మొగుడితో ప్రయోగశాలకు వెళ్లింది. "నేను మాట్లాడుత. నువ్వు నీ నోటితోని చెప్పు. ఉన్నదున్నట్టు. ఒక్క అక్షరం తగ్గినా నీ మొఖంల కనిపెడ్త" అంది దారిలో.

మినెగిషి గదిలో నిలబడి వంగి ఆహ్వానించాడు. ఆమె కూర్చోలేదు.

"నువ్వేనా గీ మిషన్‌కు పెద్దసారువు? నా బిడ్డ సావు దాకా పోయొచ్చింది. అది గుక్కపట్టి ఏడుస్తుంటే నీ మిషన్ దాని గొంతు పిసికింది. నీకు పిల్లలున్నరా?"

సదానందం పెద్దసారు వైపు తిరిగాడు. అతను జపానులో అన్నాడు. ఆమె కళ్లు అతని ముఖం మీదే ఉన్నాయి. తగ్గించకుండానే అన్నాడు. మినెగిషి విని, కళ్లు మూసుకుని, హాయిగా తల ఊపి ఏదో చెప్పాడు.

"ఏమంటుండు?"

సదానందం నేల చూపులు చూస్తూ చెప్పాడు. "నీ సూచనలకు కృతజ్ఞతలంటుండు. మనసుకు... హాయిగ ఉందంట."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి పెద్దసారు చెవి వైపు వేలు చూపించింది. "ఈయన చెవుల గూడ ఉన్నదా? తియ్యమను!"

"వాళ్ల పెద్దోళ్లందరూ పెట్టుకుంటరు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు గూడ రాలేదని..."

"ఏడికెళ్లి వస్తది? ఫిర్యాదు గూడ గా మిషన్ల నుంచే రావాలె గదా!"

సదానందం ఆ మాట అనువదించలేదు.  రెండడుగులు వేసి, తన పైఅధికారి చెవిలోని గుండీని తన చేతితోనే తీసి బల్ల మీద పెట్టాడు. మినెగిషి దిగ్గున లేచాడు. అప్పుడు సదానందం మొదటి నుంచి చెప్పాడు. ఆసుపత్రి హాలు, చీటీ, కింది వాటా ముసలాయన నిద్ర, దసరా నుంచి తను వినని పెళ్లాం మాటలు. చివర్లో అతని గొంతు మారింది. అది తను చెప్పమన్న మాట కాదని ఆమెకు ధ్వనిని బట్టే తెలిసింది. తర్వాత అడిగితే చెప్పాడు. మా అవ్వ మాట్లాడే మాట ఎర్రగీత దాటిందని ఒప్పుకుని, మర తిప్పింది నేనేనని అన్నాడట.

మినెగిషి బల్ల మీది గుండీ వంక చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకుని, అలసిన మామూలు గొంతుతో మాట్లాడాడు. ఆసుపత్రుల్లో, పిల్లల గొంతులకు పట్టీ ఇవాళే ఆపేయిస్తాడట. మిగతాది తన చేతుల్లో లేదట. పైవాళ్లను ఒప్పించాలట. కావాలంటే ఎవరి మాట వేడిని వాళ్లే పెంచుకునేలా ఒక మర పెడతాడట.

"మర పెడ్తడా! ఇంకో మర!" భూలక్ష్మి నెత్తి కొట్టుకుంది.

సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అద్దాల బయట మంచు. సదానందం ఇళ్లకు చేసే రకం గుండీ పనిలోంచి తప్పుకుంటానని చెప్పేసి వచ్చాడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఆ సంగతి విన్నాక ఆమె కోపం తగ్గకపోగా, దసరా నుంచి దాచి పెట్టుకున్నట్టు ఒక్కొక్కటిగా బయటికి వచ్చింది. పిల్ల బడి, కరెంటు బిల్లు, తన చెల్లెలి పెళ్లికి పోనియ్యకపోవడం, అన్నం తింటూ నవ్విన నవ్వులు. అతను కొన్నిటికి తల దించుకున్నాడు. కొన్నిటికి ఊరుకోలేక, "అదెప్పుడన్న? నేను గట్ల అనలే!" అని గొంతు పెంచాడు. ఆమె ఇంకా పెంచింది. ఎన్ని నెలలకో ఎదురు మాట వినబడేసరికి ఆమెకు కోపంలోనే ఏదో బలం వచ్చినట్టయింది.

ముందు సీట్లో టోపీ పెట్టుకున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. కనుబొమలు ముడిచి, పెడసరంగా, "షిజుకా ని!" అన్నాడు.

సదానందం ఆమెవైపు వంగి తెలుగులో చెప్పబోయాడు.

"నువ్వు చెప్పకు. నాకు సమజైంది" అంది భూలక్ష్మి. పిల్ల పడుకున్న వారమంతా ఆసుపత్రిలో గొంతు తగ్గించమని నర్సులు రోజుకు పదిసార్లు ఆమెకు చెప్పిన మాట అది. ఆమె ముసలాయన వైపు తిరిగి, మన్నించమనడానికి వచ్చిన రెండు ముక్కలూ కూడబలుక్కుని, "గొమెన్ నసాయ్" అంది. ఆయన ఇంకా మొహం మాడ్చుకునే తల ఊపి ముందుకు తిరిగాడు.

ఆమె మొగుడి భుజానికి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, "ఆఁ, ఏడిదాక వచ్చినం? చెల్లె పెండ్లి. చెప్పు, ఎందుకు పోనియ్యలే?" అంది.